ఉప్పెనకు ముందు ఇల్లు చక్కబెట్టుకొనుట

ఇల్లు కాలుచుండగా నూయి త్రవ్వబూనినట్లు అను సామెత మన పల్లెలలో నెరుగనివారు లేరు. ఐనను ఆపద గడప త్రొక్కువరకు చేతులు ముడుచుకొని కూర్చుండి, త్రొక్కిన పిమ్మట గడ్డపార వెదకు అలవాటు మనలో నింకను పోలేదు. ధాన్యమునకు గాదె కట్టుదుము. విత్తనము వేరుగా దాచుదుము. ఆడపిల్ల పెండ్లికి పదేండ్ల ముందుగా రూపాయి రూపాయి కూర్చుదుము. ఇంతటి ముందుచూపు గల గృహస్థుడు గాలివానకు, వరదకు, నిప్పునకు, పాముకాటునకు మాత్రము ఏ యేర్పాటును చేసికొనకుండుట వింతగా లేదా? ఈ లోపమునుగూర్చి పాఠకులతో నాలుగు మాటలు ముచ్చటింపదలచితిమి.

ఆంధ్రతీరమునకు తుపాను క్రొత్త చుట్టము కాదు. 1839లో కోరంగి రేవు ఉప్పెనకు బలియయ్యెను. 1864 నవంబరు 1వ తేదీన బందరుపై సముద్రము విరుచుకొని పడగా ముప్పదివేల మందికి దగ్గరగా మృతినొందిరి. 1977 నవంబరు 19వ తేదీన, పింగళ నామ సంవత్సర కార్తికమున, దాదాపు 5 మీటర్ల ఎత్తున లేచిన ఉప్పెన దివిసీమలో మైళ్ళకొలది లోపలికి చొచ్చుకొనివచ్చి పదివేల మందికి దగ్గరగా పొట్టన బెట్టుకొనెను. 1996 నవంబరు 6వ తేదీన కోనసీమ కొబ్బరితోటలు నేలకొరిగెను. వేయిమందికి పైగా మరణించిరి. వారిలో వేటకు పోయి మరలిరాని జాలరు లనేకులు.

ఈ విషాదపు లెక్కలలోనే మనకు ధైర్యము గొల్పు సంగతియు నొకటి కలదు. 1990 మే 9వ తేదీన కృష్ణా సాగరసంగమమునకు చేరువలో తీరము దాటిన తుపాను బలమున 1977 నాటిదానికి తీసిపోయినది కాదు. అయినను మృతుల సంఖ్య వేయికి లోపుగనే నిలిచెను. ముందుగా హెచ్చరిక యందుటయు, లక్షలాది జనులను మెరకకు తరలించుటయు నిందుకు కారణములు. ఒరిస్సాలో 1999 అక్టోబరు తుపానున పదివేల మందికి దగ్గరగా చనిపోగా, 2013 అక్టోబరులో గోపాలపురమువద్ద తీరము దాటిన ఫైలిన్ తుపానున ఆ సంఖ్య పదులకు దిగెను. బంగ్లాదేశమున 1970లో మూడు లక్షలకు తక్కువకాని జనము ఉప్పెనపాలయ్యెను. ఆ దేశమువారు 1972 మొదలు ఊరూర స్వచ్ఛంద సేవకులను తరిఫీదుచేసి నిలుపగా, 2007లో వచ్చిన సిద్ర్ తుపానునాటికి మృతులు కొన్నివేలకు తగ్గిరి. గాలి జాలి చూపి తగ్గినది కాదు. మనుష్యుడు ముందుగా కదలుట నేర్చినాడు.

నేడు వాతావరణశాఖవారు 72 గంటల ముందుగా తొలి సూచనయు, 48 గంటల ముందుగా జాగ్రత్త ప్రకటనయు, 24 గంటల ముందుగా హెచ్చరికయు నిచ్చుచున్నారు. చేతిలోని ఫోనునకే వార్త వచ్చుచున్నది. అయితే ఆ వార్త గడపవరకే వచ్చును. గడప లోపల ఏమి జరుగవలెనో నిర్ణయింపవలసినది గృహస్థుడును గృహిణియును. ఎవరు ముసలితల్లిని పట్టుకొందురు, ఎవరు బిడ్డ నెత్తుకొందురు, పత్రముల పెట్టె ఎక్కడ నున్నది, ఏ త్రోవన ఏ మేడకు పోవలెను అను ప్రశ్నలకు ముందుగనే జవాబు లేని యింటిలో 72 గంటల గడువు కూడ వ్యర్థమే యగును.

పట్టణవాసులు దీనిని చదివి, ఇది తీరపు పల్లెలవారి మాట, మాకేల యనుకొనవచ్చును. 2014 అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణము నడినెత్తిన పడినపుడు మేడలు నిలిచినవి. కాని దినములకొలది దీపము లేదు, కుళాయిలో నీరు లేదు, పాలకును పెట్రోలునకును జనులు బారులు తీరిరి. 2024 సెప్టెంబరు 1వ తేదీన బుడమేరు పొంగి బెజవాడ సింగ్‌నగర్ ప్రాంతమును ముంచెత్తినపుడు, మిద్దెలమీద నిలిచిన సంసారులకు పడవలమీదను, హెలికాప్టర్లతోను, డ్రోనులతోను అన్నపు పొట్లములు పంపవలసివచ్చెను. చేతిలో డబ్బుండియు గ్రుక్కెడు మంచినీరు దొరకని దుస్థితి యెట్టిదో ఆ కొలది దినములలో పట్టణవాసులకు తెలిసినది.

కావున మొదట నీటి మాట. మనిషికి దినమునకు 4 లీటర్ల చొప్పున మూడు దినముల నీరు నిలువయుండవలెను. ఐదుగురున్న యింటికి 60 లీటర్లు. అనగా నాలుగు పెద్ద బిందెలు. హెచ్చరిక విన్ననాడే కడిగి నింపి మూతవేసి మెరకన పెట్టుట ఎంత పని? వరద దిగిన పిమ్మట నూతినీటిని, కుళాయినీటిని తెర్లించి చల్లార్చి కాని త్రాగరాదు. పొయ్యి రాజనవసరము లేని తిండి, అనగా అటుకులు, మరమరాలు, వేయించిన శనగలు, బెల్లము, పసిబిడ్డ యుండిన పాలపొడి, మూడు దినములకు చాలునంత డబ్బాలలో నుంచవలెను. టార్చిలైటు, అదనపు సెల్లులు, సెల్లులతో పాడు రేడియో, అగ్గిపెట్టె, గట్టి మోకు, ఇంటిలోని రోగులు దినము వాడు మందులు వారమునకు సరిపడ నుండవలెను. పట్టాదారు పాసుపుస్తకము, దస్తావేజులు, ఆధార్ కార్డులు, బ్యాంకు పుస్తకములు నీరు చొరని సంచిలో కట్టి యొకచోట నుంచవలెను. భూవసతి గలవారికి ఈ తుదిమాట ముఖ్యము. తడిసి చెడిన దస్తావేజు నకలుకొరకు కచేరీల చుట్టు తిరుగుట ఉప్పెన తరువాతి రెండవ ఉప్పెన.

తుపాను నడక తెలియక పోయిన ప్రాణములు కొన్ని కలవు. తుపానునకు నడుమ కన్ను గలదు. ఆ కన్ను ఊరిమీదికి వచ్చినపుడు హోరున వీచుచున్న గాలి ఒక్కసారిగ నిలిచిపోవును. ఆకాశము తేటపడినట్లు తోచును. గండము గడచెనని జనులు వీధిలోనికి వత్తురు. కొంతసేపటికే గాలి వ్యతిరేకదిశనుండి అంతకు తీసిపోని వేగముతో విరుచుకొనిపడును. కావున రేడియోలోనో, అధికారుల నోటనో గండము గడచెనను మాట వినువరకు బయటికి రారాదు. ఉప్పెన యనగా కెరటము కాదు. గాలి త్రోయగా సముద్రమే మట్టము పెరిగి మీదికి వచ్చుట. దానికి ఎదురీద గలవాడు లేడు. మెరకకు ముందుగా పోవుటయే దానికి మందు.

ఇక చేతులకు నేర్పవలసిన పనులు. ఇంటిలోని మెయిన్ స్విచ్చి ఎక్కడ నున్నదో పదియేండ్లు దాటిన ప్రతివారికి తెలిసియుండవలెను. నీరు గుమ్మమునకు రాకమునుపే దానిని దించవలెను. తడికాళ్ళతో దానిని తాకరాదు. తెగిపడిన కరెంటు తీగను కఱ్ఱతోనైన కదలింపబోక, దూరముగ నిలిచి, ఇతరులను నిలిపి, 1912కు తెలుపవలెను. వంటగ్యాసు వాసన వచ్చినచో దీపము వేయుటగాని, వెలుగుచున్న దీప మార్పుటగాని కూడదు. స్విచ్చినుండి పుట్టు చిన్న నిప్పురవ్వయే ఇల్లు కూల్చగలదు. రెగ్యులేటరు కట్టివేసి, తలుపులు కిటికీలు తెరచి, అందరును వెలుపలికి వచ్చి 1906కు ఫోను చేయవలెను. ఒడలు కాలినపుడు సిరా, పేస్టు, వెన్న పూయుట మన యిండ్లలో పరిపాటి. ఇది హానికరము. కాలినచోట 20 నిమిషములు చల్లని నీటిధార పోయుటయే తొలి చికిత్స. పిమ్మట శుభ్రమైన గుడ్డ కప్పి వైద్యునికడకు కొనిపోవలెను.

వరదలో పాములును మనవలెనే మెరకను వెదకుకొనుచు ఇండ్లలోనికి వచ్చును. కాటు పడినచో త్రాటితో బిగించి కట్టుట, కత్తితో గాటుపెట్టుట, నోటితో పీల్చుట, ఈ మూడును కూడనివి. మంత్రమునకై గడపిన గంట మరణమునకిచ్చిన గంట. కరచిన కాలిని గాని చేతిని గాని కదలకుండ పలకబద్ద ఆనించి, రోగిని నడిపింపక, యాంటీవీనము గల ఆసుపత్రికి శీఘ్రముగ చేర్పవలెను. ఆ మందు ఏ ఆసుపత్రిలో గలదో వేసవిలోనే విచారించి తెలిసికొనియుండుట గృహస్థుని పని.

నీట మునిగినవానిని తలక్రిందులుగ త్రిప్పుటయు, కడుపు నొక్కుటయు అపాయకరములు. స్మృతి లేక, ఊపిరి సరిగ ఆడనివానిని వెల్లకిల పరుండబెట్టి, నోట శ్వాస నూది, రొమ్ము నడుమ అరచేతి మడమ నుంచి, నిమిషమునకు 100 నుండి 120 సార్లు, 5 సెంటీమీటర్ల లోతున నొక్కవలెను. ఇది చదివి నేర్చుకొను విద్య కాదు. తెలిసినవారివద్ద బొమ్మమీద చేతులాడించి నేర్వవలెను. రక్తము ధారగ కారుచున్నపుడు శుభ్రమైన గుడ్డతో గాయముమీద విడువక గట్టిగ అదిమి పట్టవలెను. వరద తరువాత వచ్చు విరేచనములకు, తెర్లించి చల్లార్చిన లీటరు నీటిలో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు, తలకొట్టుగ కొలచి కలిపి త్రాగించుచుండిన, వైద్యుడు వచ్చులోపల ఎన్నియో పసిప్రాణములు నిలుచును. 108, 112 అను సంఖ్యలు ఫోనులోనే గాక పిల్లల నోటను ఉండవలెను. ఫోను మూగవోవు దినమును కలదని మాత్రము మరువరాదు.

ఇంతవరకు చెప్పినది స్వగృహ రక్షణ. పొలము పుట్ర గలవారికి మఱియొక ధర్మము కలదు. దివిసీమలో నీటిపాలైనవారిలో పూరిగుడిసెలవారే యధికులు. కార్తికమున వరి కోతకు వచ్చు కాలముననే తుపానులును వచ్చును. ఆ వేళ మన చేలగట్లమీదను, చెరువుగట్లమీదను తలదాచుకొనియుండు కూలివానికి మేడ లేదు. మన మేడయే వానికి మెరక. హెచ్చరిక వచ్చిననాడు పాలేరు కుటుంబమును, కూలివారిని, ముసలివారిని పిలిచి లోపల నుంచుకొనుట దయ కాదు, బాధ్యత. వాన వెలిసిన పిమ్మట గంజికేంద్రమునకు బస్తా బియ్య మంపుటకన్న ముందురాత్రి తలుపు తెరచుట మిన్న. పశువుల మాటయు నంతే. కట్టుకొయ్యకు కట్టియున్న గొడ్డు ఈదలేక చచ్చును. పలుపు విప్పినది బ్రతుకుటకు దారి వెదకుకొనును. ఊరి తుపాను ఆశ్రయభవనమును ధాన్యపు కొట్టుగా మార్చి తాళము పెట్టు పెద్దలున్న గ్రామములో ఆ తాళమును తీయించుట కూడ గ్రామసేవయే.

ఇదంతయు ప్రభుత్వము చేయవలసిన పని కదా యని కొందరందురు. ప్రభుత్వము చేయవలసినది చేయకున్న అడుగుదము, గట్టిగ అడుగుదము. కాని గట్టు తెగిన రాత్రి మొదటి గంటలలో మన యింటికి రాగలవాడు పొరుగువాడే. పొరుగింటికి పోగలవారము మనమే. మఱికొందరు నుదుట వ్రాసినది తప్పునా యందురు. అట్లు పలుకువారే పంటకు పురుగు పట్టినపుడు మందు కొట్టుచున్నారు, జ్వరము తగిలినపుడు వైద్యుని పిలుచుచున్నారు. ఉప్పెనయెడ మాత్రమే విధిని స్మరించుట భక్తి కాదు, బద్ధకము.

జపానులో 1923 సెప్టెంబరు 1వ తేదీ మధ్యాహ్నము, ఇంటింట పొయ్యి వెలుగుచున్న వేళ, భూకంపము వచ్చి, ఆ పొయ్యిల నిప్పే టోక్యోను దహించెను. లక్షమందికి పైగా మరణించిరి. ఆ దేశీయులు 1960 మొదలు ఆ తేదీని ఆపన్నివారణ దినముగ నేర్పరచుకొని, ఏటేట బడిపిల్లలనుండి అధికారులవరకు అభ్యాసము చేయుచున్నారు. మనకు అట్టి దినమొకటి పూర్వులే యిచ్చిరి. తుపానుల ఋతువునకు సరిగా ముందుగా వచ్చు ఆయుధపూజనాడు నాగలిని, కొడవలిని, మోటారుబండిని కడిగి కుంకుమ పెట్టుచున్నాము. ఆ పీటమీదనే టార్చిలైటు, మోకు, మందులపెట్టె, పత్రముల సంచి కూడ పెట్టుదము. సెల్లులు పనిచేయుచున్నవో లేదో చూతము. పాతబడిన మందులు మార్చుదము. పూజ ముగిసిన పిమ్మట అరగంట సేపు ఇంటిల్లిపాదియు ఎవరి పని వారు చేసి చూతము: ఒకరు స్విచ్చి దించుట, ఒకరు గ్యాసు కట్టుట, ఒకరు తాతను మేడ యెక్కించుట, ఒకరు పశువుల పలుపులు విప్పుట. మొదటియేడు పిల్లలు నవ్వుదురు. రెండవయేడు వారే పెద్దల తప్పులు దిద్దుదురు.

ఇందుకగు ఖర్చు ఒక పండుగ బట్టల ఖర్చులో పాలుకూడ కాదు. ఇందుకగు కాలము ఏటికి ఒక పూట. సముద్రమును ఆపుట మన చేతిలో లేదు. అది వచ్చునాటికి మన యింట నొక్కరును దిక్కుతోచక నిలువకుండునట్లు చేసికొనుట మన చేతిలోనే యున్నది. ఆ పని ఈ దసరాకు ముందే ప్రారంభింతురు గాక.