వార్తల్లో పదం: డిలీట్ కిట్

డీజిల్ పికప్ ట్రక్కులో కాలుష్యాన్ని అడ్డుకునే పరికరాలను తీసేయడానికి అమెరికాలో అమ్మే విడిభాగాలు, సాఫ్ట్‌వేర్‌ల జతే డిలీట్ కిట్.

ఇలాంటి ట్రక్కుల్లో సాధారణంగా మూడు ఏర్పాట్లుంటాయి. పొగగొట్టంలోని డీపీఎఫ్ ఫిల్టర్ మసిని పట్టేస్తుంది. ఈజీఆర్ కొంత పొగను తిరిగి ఇంజిన్‌లోకి పంపి, నైట్రోజన్ ఆక్సైడ్లు తక్కువగా పుట్టేలా చూస్తుంది. మిగిలిన ఆక్సైడ్లను ఎస్‌సీఆర్ యూరియా ద్రావణంతో నైట్రోజన్‌గా, నీటి ఆవిరిగా మారుస్తుంది. వీటిని ఊరికే పీకేస్తే ట్రక్కులోని కంప్యూటర్ పసిగట్టి ఇంజిన్ శక్తిని తగ్గించేస్తుంది. అందుకే ఫిల్టర్ స్థానంలో ఖాళీ గొట్టం బిగించి, ట్యూనర్ అనే పరికరంతో కంప్యూటర్ ప్రోగ్రాంనే మార్చేస్తారు.

శక్తి, మైలేజీ పెరుగుతాయని, ఫిల్టర్ మరమ్మతు ఖర్చు తప్పుతుందని యజమానుల ఆశ. కొందరైతే ఇంజిన్‌లోకి ఇంధనం కావాలనే ఎక్కువగా పంపి నల్లపొగ చిమ్ముతారు. దీన్నే ‘రోలింగ్ కోల్’ అంటారు.

అమెరికా స్వచ్ఛ వాయు చట్టం ప్రకారం ఈ కిట్ల తయారీ, అమ్మకం, బిగింపు నిషిద్ధం. ‘ఆఫ్‌రోడ్‌కు మాత్రమే’ అన్న లేబుల్ అతికించినంత మాత్రాన మినహాయింపు రాదు. సుమారు పదేళ్లలో 5.5 లక్షలకు పైగా ట్రక్కులను ఇలా మార్చారని, వాటి జీవితకాలంలో 5.7 లక్షల టన్నుల నైట్రోజన్ ఆక్సైడ్లు అదనంగా వెలువడతాయని పర్యావరణ పరిరక్షణ సంస్థ ఈపీఏ 2020లో అంచనా వేసింది.

మన దేశంలో 2020 ఏప్రిల్ 1 నుంచి అమలైన బీఎస్‌-6 కాలుష్య ప్రమాణాల డీజిల్ వాహనాల్లోనూ ఈ తరహా పరికరాలే ఉన్నాయి.