ముసలి నేస్తం – ఒక చిన్న కంతి

గాజియాబాద్ జిల్లా ఇందిరాపురంలోని మా ఇంట పన్నెండేళ్లుగా పెరుగుతున్న లాబ్రడార్ శునకానికి స్నానం చేయిస్తుండగా, పక్కటెముకలపై నిమ్మకాయంత కంతి చేతికి తగిలింది. క్యాన్సరేమోనని కలవరపడ్డాము. కోయించడమా, ఊరకుండడమా అని ఇంటిల్లిపాదీ తర్జనభర్జన పడ్డాము.

పశువైద్యులు సన్నని సూదితో కణాలను తీసి సూక్ష్మదర్శినిలో పరీక్షించారు. అది లైపోమా, అనగా కేవలం కొవ్వుగడ్డ అని తేలింది. మెత్తగా కదిలే ప్రతి కంతీ నిరపాయకరం కాదు. ప్రమాదకరమైన మాస్ట్ సెల్ కంతి కూడా చేతికి అలాగే తగలవచ్చు. సూది పరీక్షకు సాధారణంగా మత్తు అవసరం ఉండదు. శస్త్రచికిత్సకు మాత్రం పూర్తి మత్తు ఇవ్వవలసి ఉంటుంది. వృద్ధాప్యంలో గుండె, మూత్రపిండాలు దానిని తట్టుకోగలవా అన్నది ముందుగా చూడాలి.

నడకకు అడ్డురాని ఆ గడ్డ జోలికి పోరాదని నిశ్చయించుకున్నాము. నెలకొకసారి టేపుతో కొలిచి, తేదీతో సహా వ్రాసుకుంటున్నాము. త్వరగా పెరిగినా, గట్టిపడినా, పుండు పడినా మరల పరీక్ష తప్పదు. స్వర్ణజయంతి పార్కు వైపు దాని ఉదయపు నడక యథావిధిగా సాగుతోంది.

పెంపుడు జీవి ఒంటిపై కంతి కనిపిస్తే భయంతోనో, ఉపేక్షతోనో నిర్ణయించక, ముందుగా పరీక్ష చేయించవలసిందిగా సహోద్యోగ మిత్రులకు మా మనవి.