ముల్లు కాదు.. తలుపు చూడాలి

సైజు చూస్తే మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు. గుండ్రటి ఒళ్లు, చుట్టూ ముళ్లు. సముద్రపు బురదలోనూ రాళ్లలోనూ దొరికే ఈ గుల్లలు ఏ జీవివో తేలడానికి నూట పాతికేళ్ల దాకా పట్టింది. 1830ల్లో జర్మన్ శాస్త్రవేత్త ఎహ్రెన్‌బర్గ్ చెకుముకి రాయిలో వీటిని చూసి మంచినీటి నాచు జాతి అనుకున్నారు. తర్వాతివాళ్లు ఏ గుంపులోనూ ఇమడక ‘హిస్ట్రికోస్ఫియర్లు’ అని విడిగా పేరు పెట్టేశారు.

చిక్కు విప్పిన కన్నం

1961లో అమెరికాకు చెందిన విలియం ఎవిట్ అసలు సంగతి చెప్పారు. గుల్లకున్న కన్నం పగులు కాదు, లోపలి జీవి బయటికెళ్లిన తలుపు అని! డైనోఫ్లాజెల్లేట్లనే ఏకకణ జీవుల్లో చాలావాటికి ఒంటిమీద పలకలుంటాయి. గుల్ల తలుపు ఆ పలకల కొలతకే తెరుచుకుంటుంది. గడ్డు రోజుల్లో ఈ జీవి గుల్లలో విత్తనంలా నిద్రపోతుంది. మంచి రోజులొస్తే తలుపు తోసుకుని పోతుంది. మిగిలిన ఖాళీ గుల్లే సిస్ట్. రాయిని కరిగించే హైడ్రోఫ్లోరిక్ యాసిడ్‌కూ అది కరగదు.

పేరు పెట్టాలంటే..

కొత్త జాతి అనాలంటే ముల్లు చూస్తే చాలదు. లింగులోడినియం అనే జీవి సిస్టుకు నీటిలో ఉప్పు తగ్గితే ముళ్లూ పొట్టిగా వస్తాయి. పొడుగు ముళ్లది ఒక జాతి, పొట్టి ముళ్లది ఇంకో జాతి అంటే పప్పులో కాలేసినట్టే. అందుకే గోడ పొరలు, ముళ్ల వరసలు, అన్నిటికన్నా ముఖ్యంగా తలుపు ఆకారం చూస్తారు. మైక్రాన్లలో కొలిచి, బొమ్మలతో వర్ణన అచ్చు వేస్తారు. ఒక నమూనాను ‘హోలోటైప్’గా భద్రపరుస్తారు. రేపు తగాదా వస్తే అదే సాక్షి.

ఒకే జీవి.. రెండు పేర్లు

1962లో రోసిన్యోల్ ఇజ్రాయెల్ సముద్రపు మట్టిలో దొరికిన ఓ శిలాజ సిస్టుకు ‘జొహారి’ అని పేరు పెట్టారు. ఇప్పుడది పాలీస్ఫెరిడియం జొహారి. దాని పై సగమంతా మూతలా ఊడుతుంది. 1969లో వాల్, డేల్ ఇద్దరూ అది బతికున్న జీవి గుల్లేనని తేల్చారు. ఆ జీవి 1906లోనే బహమాస్‌లో వర్ణించిన పైరోడినియం బహమెన్స్. రాత్రిళ్లు నీటిలో మెరిసే ఈ జీవి ఆసియా సముద్రాల్లో విషం కక్కుతుంది. 1983లో ఫిలిప్పీన్స్‌లో ఆ విషం చేరిన ఆల్చిప్పల మాంసం తిని జనం చనిపోయారు. కాబట్టి బురదలో ఈ గుల్లను గుర్తుపడితే ముందే జాగ్రత్తపడొచ్చు.

మన తీరంలోనూ..

యానాం చుట్టూ ఉన్న కృష్ణా-గోదావరి బేసిన్ బావుల్లో పైకొచ్చే రాతి ముక్కల్లోనూ సిస్టులు దొరుకుతాయి. డైనోసార్ల కాలం ఏ లోతులో ముగిసిందో చెప్పడానికి పుప్పొడితో పాటు ఇవీ ఆధారమే. ఇక్కడ పేరు తప్పితే రాతి వయసు లక్షల ఏళ్లు అటూఇటూ అయిపోతుంది.