ఆటల కంప్యూటరు: పెద్ద మోటారు, సన్న పైపు

అనంతపురం జిల్లా గుమ్మఘట్ట మండలంలో ఏ ఊరికి వెళ్లినా బోరుబావుల మాట వినిపిస్తుంది. వేదవతి నదిపై కట్టిన భైరవానితిప్ప ఆనకట్ట ఈ మండలంలోనే ఉంది. కాని ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వానే కురిసే జిల్లా కదా, చాలా చేలకు బోరే దిక్కు. అక్కడి రైతును ఎవరినైనా అడగండి: పది హార్సుపవరు మోటారు కొని దానికి అంగుళం పైపు బిగిస్తే ఏమవుతుంది? "డబ్బు దండగ" అంటారు. ఆటల కోసం కంప్యూటరు కూర్చుకోబోయే మీకూ అదే మొదటి పాఠం.

వేరుశనగ అమ్మిన సొమ్ములోంచి ఇంట్లో మీకు కొంత ఇచ్చారనుకోండి. మళ్లీ పంట వచ్చేదాకా ఇంకో రూపాయి రాదు. దాన్ని ఏ భాగానికి ఎంత పెట్టాలి?

ముందు ఆట ఎలా నడుస్తుందో చూద్దాం. తెరపై కదలిక సాఫీగా కనిపించాలంటే సెకనుకు 60 బొమ్మలు తయారు కావాలి. అంటే ఒక్కో బొమ్మకు దొరికే సమయం సుమారు 16.7 మిల్లీసెకన్లు! ఈ పనిని ఇద్దరు పంచుకుంటారు. ఎవరు ఎక్కడున్నారు, బంతి ఎటు ఎగిరింది అని లెక్క కట్టేది ప్రాసెసరు. ఆ లెక్క ప్రకారం రంగులు అద్దేది గ్రాఫిక్స్ కార్డు. (చాలామంది పెట్టె మొత్తాన్ని సి.పి.యు. అంటారు. నిజానికి సి.పి.యు. అంటే లోపలుండే ఆ ప్రాసెసరు ఒక్కటే.)

కార్డు ఒక బొమ్మకు రంగులు వేస్తుండగా ప్రాసెసరు తర్వాతి బొమ్మను సిద్ధం చేస్తుంది. ప్రాసెసరుకు 20 మిల్లీసెకన్లు, కార్డుకు 10 పడుతున్నాయనుకోండి. సెకనుకు వచ్చేవి 50 బొమ్మలే. మీరు అప్పు చేసి రెండింతల వేగంగల కార్డు తెచ్చినా అవి 50కి మించవు. ఆ కార్డు పనిలేక కూర్చుంటుంది, అంతే.

అందుకే బేరం మానిటరుతో మొదలుపెట్టండి. 1920×1080 తెరపై 20,73,600 చుక్కలుంటాయి. 2560×1440 తెరపై 36,86,400. అంటే రంగులద్దే పని ముప్పాతిక వంతుకు పైగా పెరిగిందన్నమాట. చేతిలో సొమ్ము తక్కువైతే మొదటి తెర చాలు. దానికి సరిపడే మధ్యరకం కార్డు, ఆ కార్డుకు దీటైన ప్రాసెసరు ఎంచుకోవాలి. మదర్‌బోర్డు సాకెట్టు కూడా చూసుకోండి. ఏ.ఎమ్.4 బోర్డులో ఏ.ఎమ్.5 ప్రాసెసరు కూర్చోదు.

కార్డుకు డబ్బు చాలకపోతే? బొమ్మలు గీసే భాగం లోపలే ఉన్న ప్రాసెసర్లు దొరుకుతాయి. అవి రంగుల పనికి కూడా ర్యామునే వాడుకుంటాయి. కనుక 16 జి.బి. ర్యాము ఒకే పలకగా కొనకండి, 8 జి.బి. పలకలు రెండు కొనండి. డి.డి.ఆర్.4 3200 రకంలో ఒక పలక దారిలో సెకనుకు 25.6 జి.బి. సమాచారం పారితే, రెండు దారుల్లో 51.2 జి.బి. పారగలదు. ఇక ఎస్.ఎస్.డి. మాటకొస్తే, దానివల్ల ఆట త్వరగా తెరుచుకుంటుంది కాని బొమ్మల సంఖ్య పెద్దగా పెరగదు.

ఇప్పుడు అసలు చిక్కు. అందరూ చివర్లో మిగిలిన చిల్లరతో కొనేది ఎస్.ఎమ్.పి.ఎస్. మన 230 వోల్టుల కరెంటును 12 వోల్టులుగా మార్చి అన్ని భాగాలకూ పంచేది అదే. ప్రాసెసరుకు 65 వాట్లు, కార్డుకు 130, మిగతావాటికి 50 అనుకుంటే సుమారు 250 వాట్లు కావాలి. 80 ప్లస్ గుర్తున్న మంచి 450 వాట్ల పెట్టె సరిపోతుంది. పేరూ ఊరూ లేని చవకరకం కాలిపోతే తనతోపాటు మదర్‌బోర్డునూ తీసుకుపోవచ్చు. పాతవి కొనదలిస్తే మానిటరో క్యాబినెట్టో కొనండి, ఇది మాత్రం కొత్తదే కావాలి. దీన్ని మీరు ఎప్పుడూ విప్పకండి. ప్లగ్గు తీసినా లోపలి కెపాసిటర్లలో విద్యుత్తు కొంతసేపు నిలిచి ఉంటుంది.

ఎండ సంగతీ ఆలోచించాలి. ఫ్యాను ఎంత గట్టిగా తిరిగినా గది గాలికంటే ప్రాసెసరు చల్లబడదు. 25 డిగ్రీల గదిలో 70 డిగ్రీలకు చేరే ప్రాసెసరు, అదే పనికి 40 డిగ్రీల గదిలో సుమారు 85కు చేరుతుంది. మరీ వేడెక్కితే తనను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. పైగా ఆషాఢపు గాలి మోసుకొచ్చే దుమ్ము! గాజు పలకలూ రంగురంగుల దీపాలూ ఉన్న క్యాబినెట్టు మీద మోజు పడకండి. ముందు భాగంలో జాలీ, దుమ్మును ఆపే వల ఉన్నది చూడండి. లోపలికి గాలి లాగే ఫ్యాన్లు రెండు, బయటికి పంపేది ఒకటి ఉంటే, సందుల్లోంచి దుమ్ము చొరబడటం తగ్గుతుంది.

సామాన్లకు బెంగుళూరు ఎస్.పి. రోడ్డుకో, సికింద్రాబాదు చెనాయ్ ట్రేడ్ సెంటరుకో వెళ్లినా బిల్లు తప్పక తీసుకోండి. వారంటీకి అదే ఆధారం.

ఇంట్లో బిగించాక క్యాబినెట్టు ఇనుమును తాకితే వేలు జిల్లుమందా? ఎర్తింగు సరిగా లేదన్నమాట. ఎస్.ఎమ్.పి.ఎస్. లోపల చిన్న కెపాసిటర్లు కొన్ని ఇనుప పెట్టెకు కలిపి ఉంటాయి. వాటిగుండా వచ్చే కొద్దిపాటి కరెంటు భూమిలోకి పోవాలి. దారి లేకపోతే పెట్టెలోనే ఉండి మీ వేలిని వెతుక్కుంటుంది. ఎండిన నేల విద్యుత్తును సరిగా పోనివ్వదు కనుక కరువు సీమలో ఈ తంటా ఎక్కువ. ఎలక్ట్రీషియనును పిలిచి ఎర్తుగుంటను పరీక్ష చేయించి, బొగ్గూ ఉప్పూ వేయించండి. వేసవిలో అప్పుడప్పుడు ఆ గుంటలో ఒక బిందెడు నీళ్లు పోస్తుండాలి.