తూటాలకు ఎదురెళ్లిన ఈతగాడు

1971 డిసెంబరు 10. తూర్పు పాకిస్తాన్‌లో (ఇప్పటి బంగ్లాదేశ్) ఖుల్నా దగ్గర నదిలో మూడు చిన్న గన్‌బోట్లు ముందుకు సాగుతున్నాయి. పన్వెల్ మన నేవీది. పద్మ, పలాష్ అంతకు ముందు కలకత్తా పోర్టు పడవలు. వాటికి బోఫోర్స్ తుపాకులు బిగించి, పాక్ సైన్యంపై పోరాడుతున్న బెంగాలీల ముక్తి బాహిని నావికులను ఎక్కించారు. దళానికి నాయకుడు కమాండర్ సామంత్. మధ్యాహ్నం వేళ ఆకాశంలో విమానాలు కనిపించాయి. అవి మనవే. మన బోట్లని గుర్తుపట్టడానికి పైన పసుపు రంగు పూసినా ఫలితం లేకపోయింది. శత్రువులవనుకుని దాడి చేశాయి. పద్మ, పలాష్ తగలబడ్డాయి.

నీళ్లలోకి విసిరేసినట్టు పడినవాళ్లలో లీడింగ్ సీమన్ చిమన్ సింగ్ ఒకడు. హర్యానావాడు, నేవీ డైవర్. ఒంట్లో ఇనుప ముక్కలు దిగాయి. అంతలో ఇద్దరు మునకలేస్తూ కనిపించారు, ఒకరు ఆఫీసరు. ఒడ్డు నుంచి పాకిస్తానీల కాల్పులు.

నక్కపల్లి మండలం రాజయ్యపేటలో సముద్రంలోకి చేపల వేటకెళ్లేవాళ్లకు ఆ క్షణం గురించి విడమరచి చెప్పక్కర్లేదు. మునిగేవాడు ప్రాణభయంతో మెడకు చుట్టుకుంటాడు, కాపాడవచ్చినవాణ్ణీ కిందికి లాగేస్తాడు. ఒళ్లు బాగున్నవాడికే ఒక్కణ్ణి ఒడ్డుకు చేర్చేసరికి తల ప్రాణం తోకకొస్తుంది. చిమన్ సింగ్ గాయాలతో, తూటాల మధ్య ఇద్దరినీ గట్టెక్కించాడు. నన్ను కదిలించేది ఆ తర్వాత చేసిన పని. ఒడ్డెక్కగానే శత్రువు వైపు పరుగెత్తాడు. తుపాకులన్నీ తన మీదికి తిరిగాయి. ఆ సందులో ఆ ఇద్దరూ తప్పించుకున్నారు. అతను దొరికిపోయాడు.

ఎన్నికల్లో గెలిచిన బెంగాలీల చేతికి అధికారం ఇవ్వకుండా 1971 మార్చి 25 రాత్రి పాక్ సైన్యం ఢాకాపై విరుచుకుపడటంతో మొదలైన అంతర్యుద్ధమే ఈ యుద్ధానికి మూలం. బెంగాలీ కుర్రాళ్లకు ప్లాసీ దగ్గర భాగీరథిలో ఈత, ఓడలకు మందుపాతర్లు అంటించడం నేర్పింది మన నేవీయే. నేర్పినవాళ్లలో చిమన్ సింగ్ కూడా ఉన్నాడు.

పలాష్ ఇంజిన్ గదిలో పనిచేసిన బెంగాలీ నావికుడు రుహుల్ అమీన్ కథ కూడా అదే రోజు, అదే నదిలో జరిగింది. కాలిపోతున్న పడవను వదలడానికి చివరిదాకా ఒప్పుకోలేదు. గాయాలతో ఒడ్డుకు చేరితే పాక్ సైన్యానికి తోడుగా ఉన్న రజాకార్లు చంపేశారు. బంగ్లాదేశ్ అతనికి తన అత్యున్నత పురస్కారం వీర శ్రేష్ఠ ఇచ్చింది. ఆ గౌరవం దక్కింది మొత్తం ఏడుగురికే.

డిసెంబరు 16న ఢాకాలో పాక్ సైన్యం లొంగిపోయింది. చిమన్ సింగ్ చెర నుంచి బయటపడి ఆసుపత్రికి చేరాడు. ఆ యుద్ధంలో నేవీకి దక్కిన ఎనిమిది మహావీర చక్రాల్లో ఏడు ఆఫీసర్లవి, ఎనిమిదోది ఇతనిది.

అదే యుద్ధంలో విశాఖ తీరంలో మునిగిన పాక్ జలాంతర్గామి ఘాజీ కథ మన పిల్లలకు కంఠస్థం. సినిమా కూడా వచ్చింది. అందులో తప్పేం లేదు. కానీ ఈ తీరంలో నేవీలో చేరాలని కలలు కనే కుర్రాళ్లలో ఎక్కువమంది వెళ్లేది ఆఫీసర్లుగా కాదు, సీమన్లుగా. వాళ్ల పాఠంలో చిమన్ సింగ్ ఉండి తీరాలి. మన విమానాలే పొరపాటున కొట్టాయన్న నిజంతో సహా.