క్షయ క్రిమియు, దేహమను కోటయు

నేను నివసించు నస్పూరు బొగ్గుగనుల నడుమనున్న ఊరు. ఇచట ప్రొద్దును గడియారము కంటె షిఫ్టులే ఎక్కువగా తెలుపును. తెల్లవారకమునుపే మొదటి షిఫ్టు వారు టిఫిను డబ్బా చేతబట్టుకొని శ్రీరాంపూరు గనుల వైపు సాగిపోవుదురు. గనిలోనికి దిగుటను మావారు 'బాయికి పోవుట' అందురు. బాయినుండి తిరిగి వచ్చినవారు ముఖము ఎంత కడుగుకొన్నను కనురెప్పల అంచున కాటుకవలె ఒక నల్లని గీత నిలిచియే యుండును. వారిలో ఎవరైన దగ్గినచో "బొగ్గుదుమ్ము దగ్గులే" అని ఇరుగుపొరుగువారు తేలికగా త్రోసివేయుదురు. ఆ చిన్నమాట వెనుక ఎంతటి ప్రమాదము దాగియుండవచ్చునో తెలుపుటకే ఈ వ్యాసము.

సుమారు 30 ఏండ్ల క్రిందట నా తరగతిలో ఒక బాలుడుండెను. చదువులో చురుకైనవాడు. అట్టివాడు ఉన్నట్టుండి దినదినము ఆలస్యముగా రాసాగెను. నేను కారణమడుగకయే పలుమారులు మందలించితిని. ఒకనాడు తరగతి వెలుపల నిలువబెట్టితిని. ఆ సాయంకాలము అందరు వెడలిన పిమ్మట వాడు నా చెంతకు వచ్చి, తల వంచుకొని, "మా బాపుకు మందులు తెచ్చేటందుకు దవాఖానకు పోయిన సార్" అనెను. వాని తండ్రి గని కార్మికుడు. ఆయనకు క్షయ సోకినది. ఆ మాట నలుగురిలో పలుకుటకు సిగ్గుపడి బాలుడు నా నిందలన్నియు మౌనముగా భరించెను. కారణము విచారింపక దండించినందులకు నేను నేటికిని చింతించుచుందును. ఆ కథ మిగిలిన భాగమును తరువాత చెప్పెదను. ముందుగా ఆ వ్యాధి యెట్టిదో తెలిసికొందము.

క్షయ మిక్కిలి ప్రాచీనమైన వ్యాధి. దీనికి కారణము పూర్వజన్మ పాపమని కొందరును, వంశదోషమని కొందరును తలచుచుండిరి. 1882 మార్చి 24వ తేదీన జర్మనీ దేశమునందలి బెర్లిను నగరమున రాబర్టు కాక్ అను వైద్యుడు ఆ భ్రమలను తొలగించెను. రోగి ఊపిరితిత్తులలో నొక సన్నని కడ్డీవంటి సూక్ష్మక్రిమి యున్నదని అతడు రంగులద్ది చూపెను. దానిని దేహము వెలుపల పెంచి, సీమపందికొక్కులకు ఎక్కించి, వానికిని అదే వ్యాధి కలుగుటను నిరూపించెను. 1905లో అతనికి నోబెలు బహుమానము లభించినది. నేటికిని మార్చి 24వ తేదీని ప్రపంచ క్షయ దినముగా పాటించుచున్నారు.

ఈ క్రిమి ఎంత చిన్నదనగా, ఒక మిల్లీమీటరు నిడివిలో సుమారు 300 క్రిములను వరుసగా పేర్చవచ్చును. దానికి మైనమువంటి దట్టమైన కవచము కలదు. పేగులయందలి సామాన్య క్రిములు అనుకూల పరిస్థితులలో 20 నిమిషములకొకసారి రెండుగా చీలును. క్షయ క్రిమి రెండగుటకు ఇంచుమించు ఒక దినము పట్టును. అందుచేతనే ఈ వ్యాధి పిడుగువలె మీదపడక, చెదపురుగువలె మెల్లమెల్లగా లోపల తొలుచును.

క్షయరోగి దగ్గినప్పుడును, తుమ్మినప్పుడును, కంటికి కానరాని తుంపరలు గాలిలో కలియును. కిటికీలు లేని ఇరుకు గదిలో అవి గంటల తరబడి తేలియాడును. వానిని పీల్చినవారికి క్రిమి సోకవచ్చును. ధారాళమైన గాలి వానిని చెదరగొట్టును. సూర్యకాంతి క్రిములను చంపును. రోగితో కరచాలనము చేసినందువలన గాని, అతని కంచములో తినినందువలన గాని, అతని బట్టలు ముట్టినందువలన గాని ఈ వ్యాధి రాదు. తల్లిదండ్రుల రక్తము ద్వారా వంశపారంపర్యముగా సంక్రమించునదియు కాదు.

మరి క్రిమిని పీల్చినవారందరును రోగులగుదురా? కారు. క్రిమి సోకినవారు నూరుగురుండిన, వారిలో జీవితకాలమున రోగులగువారు అయిదు మొదలు పదిమంది మాత్రమే. మిగిలినవారిని కాపాడుచున్నదెవరు? వారి దేహములోని రక్షకభటులే.

మన దేహమొక కోటవంటిది. ముక్కులోని వెండ్రుకలు, శ్వాసనాళములలోని జిగురు దాని వెలుపలి ప్రాకారములు. వానిని తప్పించుకొని ఊపిరితిత్తులలోని సన్నని గాలితిత్తులను చేరిన క్రిమికి అచట భక్షక కణములు ఎదురగును. దేహములోనికి చొరబడిన అన్యవస్తువులను మ్రింగు కణములున్నవని 1882లో మెచ్నికాఫ్ అను రష్యా శాస్త్రజ్ఞుడు కనిపెట్టెను. అతడు సముద్రనక్షత్రపు పిల్ల దేహమున ఒక ముల్లు గ్రుచ్చి, సూక్ష్మదర్శినిలో పరిశీలింపగా, కణములనేకము ఆ ముల్లు చుట్టును మూగియుండెను. ఆ పరిశోధనకు 1908లో అతనికిని నోబెలు బహుమానము లభించినది.

భక్షక కణము సామాన్య క్రిములను మ్రింగి జీర్ణించుకొనును. క్షయ క్రిమి మాత్రము మైనపు కవచము ధరించి, తన్ను మ్రింగిన కణములోనే కాపురము పెట్టును. అప్పుడు రెండవ సేన కదలివచ్చును. లింఫు కణములను ఒకవిధమైన తెల్ల రక్తకణములు శత్రువు గుర్తులను తెలిసికొని, కొన్ని వారములలో వేలకొలదిగా వృద్ధిపొంది, భక్షక కణములకు క్రొత్త బలము నిచ్చు పదార్థములను విడుదల చేయును. అన్నియు కలిసి క్రిముల చుట్టును గోడవంటి ఒక కణితిని నిర్మించును. లోపల బందీలైన క్రిములు చావకున్నను వెలుపలికి రాలేవు. ఆ మనుష్యుడు ఆరోగ్యవంతుడుగనే యుండును. అతనివలన ఇతరులకు వ్యాధి సోకదు.

కావలివారు బలహీనులైనచో చెరసాల గోడ కూలును. అప్పుడే వ్యాధి బయటపడును. చాలినంత ఆహారము లేకుండుట, మధుమేహము, పొగత్రాగుట, మద్యపానము ఈ బలహీనతకు కారణములు. ఎయిడ్సు వ్యాధి పైని చెప్పిన లింఫు కణములనే నాశనము చేయును గనుక, అట్టి రోగులకు క్షయ మిక్కిలి సులభముగా సోకును.

గనుల ప్రాంతమువారు తప్పక ఎరుగవలసిన కారణము మరియొకటి కలదు. బొగ్గుపొరల మీదను, క్రిందను ఇసుకరాయి యుండును. దానికి బెజ్జములు వేయునప్పుడు లేచు దుమ్ములో సిలికా అను పదార్థము కలదు. ఆ దుమ్మును మ్రింగిన భక్షక కణములు దెబ్బతిని చచ్చును. కోటలో కావలివారు తగ్గిన శత్రువునకు దారి దొరకును గదా! కావుననే రాతిదుమ్ములో పనిచేయువారికి క్షయభయము అధికము. దుమ్ములో పనిచేయువాని దగ్గును "దుమ్ము దగ్గు" అని త్రోసివేయుట ఎంత పొరపాటో ఇప్పుడు మీకు తెలిసినది గదా! అట్టివాడు ఇతరులకంటె ముందుగా పరీక్ష చేయించుకొనవలెను.

ఈ వ్యాధితో జరిగిన పోరాటములో మన తెలుగునేలకు గొప్ప చరిత్ర కలదు. రాయలసీమలో మదనపల్లె సముద్రమట్టమునకు 2,000 అడుగులకు మించిన ఎత్తున నున్న పట్టణము. అచటి గాలి పొడిగా నుండును. 1915లో పలు క్రైస్తవ సంఘములు కలిసి ఆ పట్టణ సమీపమున ఒక క్షయ చికిత్సాలయమును నెలకొల్పెను. ఆ స్థలమునకు ఆరోగ్యవరమను చక్కని పేరు ఏర్పడినది. క్రిస్టియన్ ఫ్రిమోట్ మొల్లర్ అను డెన్మార్కు దేశపు వైద్యుడు దానికి మూలపురుషుడు. తెలంగాణమున వికారాబాదు సమీపమునందలి అనంతగిరి కొండలమీద సైతము ఇట్టి చికిత్సాలయము వెలసినది. ఆ రోజులలో క్రిమిని చంపు మందు లేదు. విశ్రాంతి, మంచి ఆహారము, నిర్మలమైన గాలి ఇవియే చికిత్స. అనగా కోటలోని భటులకు బలము చేకూర్చి, ఫలితమునకై ఎదురుచూచుట. కోలుకొన్నవారును కలరు, మరణించినవారును పెక్కురు కలరు.

క్రిమి సోకకముందే భటులకు శిక్షణ నీయలేమా అని ఫ్రాన్సు దేశమున కాల్మెట్, గెరిన్ అను శాస్త్రజ్ఞులు ఆలోచించిరి. వారు పశువులకు క్షయ కలిగించు క్రిమిని ఎద్దు పైత్యరసము కలిపిన బంగాళాదుంప ముక్కలపై పెంచి, మూడేసి వారములకొకసారి క్రొత్త ముక్కలపైకి మార్చుచు, 13 ఏండ్లలో 230 పర్యాయములు అట్లొనర్చిరి. క్రమముగా ఆ క్రిమి తన క్రౌర్యమును కోల్పోయినది గాని, రూపము మాత్రము మారలేదు. దానిని దేహములోనికి పంపినచో భటులు శత్రువు రూపమును గుర్తుంచుకొందురు, రోగము మాత్రము కలుగదు. 1921లో మొదట ఒక శిశువునకిచ్చిన ఈ మందే బీ.సీ.జీ. టీకా. మన దేశమున 1948లో ఈ టీకాలు ప్రారంభమైనవి. ఆరంభమున వీనిని వేసిన తావులలో మన మదనపల్లె యొకటి. నేడు శిశువు పుట్టిన వెంటనే ఈ టీకా వేయుచున్నారు. మీలో పలువురి ఎడమ భుజముపైనున్న చిన్న మచ్చ దాని గురుతే.

అయితే శాస్త్రము తన లోపమును తాను దాచదు. 1968లో చెంగల్పట్టు జిల్లాలో రెండున్నర లక్షలకు పైగా జనులపై ఈ టీకాను గూర్చి గొప్ప పరిశోధన ఆరంభమైనది. పెద్దవారి ఊపిరితిత్తుల క్షయను ఈ టీకా ఆపలేకపోయినదని దానివలన తేలినది. కాని పసిబిడ్డల మెదడు పొరలకు వచ్చు క్షయనుండియు, దేహమంతట వ్యాపించు క్షయనుండియు ఇది కాపాడును. కావున బిడ్డలకు టీకా వేయించవలెను. పెద్దవారు టీకానే నమ్ముకొని దగ్గును ఉపేక్షింపరాదు.

క్రిమిని చంపు మందులు తరువాత వచ్చినవి. 1943లో అమెరికాలో స్ట్రెప్టోమైసిను కనిపెట్టబడినది. 1952లో ఐసోనియాజిడ్ వాడుకలోనికి వచ్చినది. 1956లో మదరాసులో స్థాపింపబడిన క్షయ చికిత్సా పరిశోధన కేంద్రము ఒక ముఖ్యమైన ప్రశ్నకు సమాధానము వెదకినది. కొందరు రోగులకు చికిత్సాలయములోను, మరికొందరికి వారి పేదయిండ్లలోనే మందులిచ్చి చూచిరి. ఇంటివద్ద మందు తినినవారును ఇంచుమించు సమానముగా కోలుకొనిరి. వారి కుటుంబములవారికి అందువలన అధికముగా వ్యాధి సోకలేదు. రోగిని ఊరికి దూరము చేయనక్కరలేదని లోకమునకు చాటిన పరిశోధన అది.

నేడు సామాన్య క్షయకు చికిత్స ఆరు నెలలు. మొదటి రెండు నెలలు నాలుగు మందులు, పిమ్మట నాలుగు నెలలు మూడు మందులు ఇత్తురు. ఇన్ని మందులేల? రోగి దేహమున కోట్లకొలది క్రిములుండును. ఒక మందునకు లొంగనివి లక్షలలో ఒకటైన వానిలో నుండును. ఆ మొండిక్రిమిని రెండవ మందు చంపును. ఇన్ని నెలలేల? చురుకైన క్రిములు కొద్ది వారములలోనే చచ్చును. నిద్రాణమైనవి మిగులును. మధ్యలో మందు మానినచో అవియే మరల లేచును. సగము చికిత్సలో మొండిక్రిములు బలిసి, ఆ పిమ్మట మామూలు మందులకు లొంగకపోవచ్చును.

ఆ బాలుని తండ్రికి జరిగినదిదియే. రెండు నెలలు మందు వాడగనే దగ్గు తగ్గినది, ఆకలి పుట్టినది. "నాకు నయమైంది" అని ఆయన మందు మానెను. ఏడాది తిరుగకముందే వ్యాధి తిరుగబెట్టినది. ఈ పర్యాయము సూదిమందులు కూడ వాడవలసివచ్చెను. కుమారుడు ప్రతి ఉదయమును తండ్రి ఎదుట నిలిచి మందు మ్రింగించి, పిమ్మటనే బడికి వచ్చుచుండెను. ఆలస్యమైనను నేనేమియు అనలేదు. ఆయన పూర్తిగా కోలుకొని చిరకాలము బ్రదికెను.

విద్యార్థులారా! మీ యింట గాని, పొరుగున గాని ఎవరికైన రెండు వారములకు మించి దగ్గున్నను, సాయంకాలము జ్వరము వచ్చుచున్నను, బరువు తగ్గుచున్నను, గళ్లలో రక్తము కనబడినను, ప్రభుత్వ దవాఖానకు తోడ్కొనిపొండు. పరీక్షయు, మందులును ఉచితము. చికిత్స పొందువారి పోషణకై 2018 నుండి ప్రభుత్వము నెలకు 500 రూపాయలిచ్చుచు, 2024 నవంబరు నుండి దానిని 1,000 రూపాయలు చేసినది. సరియైన మందు వాడనారంభించిన కొద్ది వారములలోనే సాధారణముగా రోగినుండి వ్యాధి ఇతరులకు సోకుట ఆగిపోవును. అట్టివానిని వెలివేయుట అజ్ఞానము. దగ్గునప్పుడు నోటికి గుడ్డ అడ్డుపెట్టుకొనుడు, కిటికీలు తెరచియుంచుడు.

రోగము ఎవరికైనను రావచ్చును, అందు సిగ్గుపడవలసినదేమియు లేదు. నా విద్యార్థి ఆనాడు తల వంచుకొని చెప్పిన మాటను, మీలో నెవరికైన చెప్పవలసివచ్చినచో, తలయెత్తి చెప్పుడు.