ఎం.ఏ. మైక్రో ఎకనామిక్స్: తోతాపురి లోడు చెప్పే వాస్తవాలు

హోసూరు, కృష్ణగిరి తెలుగు ఇళ్లలో ఎవరైనా ఎం.ఏ. ఎకనామిక్స్‌లో చేరతానంటే, అందులోనూ మైక్రో థియరీ మీద మనసు పడ్డానంటే, చుట్టాలు తలో మాట అంటారు. ఆ మాటల్లో చాలా వరకు నిజం లేదు.

అపోహ: డిమాండు, సప్లై గీతలు డిగ్రీలోనే అయిపోయాయి. పీజీలోనూ అవే.

ఆ గీతలు కలిసేచోట ధర తేలాలంటే కొనేవాళ్లూ అమ్మేవాళ్లూ బోలెడుమంది ఉండాలి, ఏ ఒక్కరివల్లా ధర కదలకూడదు. కృష్ణగిరి తోతాపురి మామిడి సంగతి అలా లేదు. ఆ కాయ ఎక్కువగా గుజ్జు ఫ్యాక్టరీలకే పోతుంది. అమ్మే రైతులు ఎందరో, కొనే ఫ్యాక్టరీలు కొన్నే. ఇది మోనాప్సనీకి, అంటే కొనేవాడు ఒక్కడే ఉన్న బజారుకు, దగ్గరగా ఉంటుంది. ఆర్థికవేత్త జోన్ రాబిన్సన్ 1933లోనే మోనాప్సనీ మీద రాశారు. పీజీ మైక్రో ఇలాంటి బజార్లతోనే కుస్తీ పడుతుంది.

ఫ్యాక్టరీ గేటు ముందు లోడుతో ట్రాక్టరు ఆగి ఉందనుకోండి. ఎండకు కాయ మెత్తబడుతోంది, తూకం తగ్గుతోంది, బండి బాడుగ పెరుగుతోంది. ఏరియల్ రూబిన్‌స్టీన్ 1982లో రాసిన బేరం సిద్ధాంతాన్ని ఇక్కడ పెట్టి చూద్దాం. ఇద్దరూ వంతులవారీగా ధర చెబుతారు, మొదట ఫ్యాక్టరీ. ఒక్కో వంతు ఆలస్యమైతే ఫ్యాక్టరీకి రూపాయి 95 పైసలకు, రైతుకు 80 పైసలకు దిగుతుందనుకుంటే, పంచుకోవాల్సిన మిగులులో ఫ్యాక్టరీకి ఆరింట అయిదు వంతులు పోతాయి, రైతుకు మిగిలేది ఒక్కటే. రైతు కూడా ఫ్యాక్టరీ అంత ఆగగలిగితే అతని వాటా 49 శాతానికి చేరుతుంది. అంకెలు నేను అనుకున్నవే, కానీ లెక్క ఖాయం. రైతుకు బేరం చేతకాదనే మాట నాకు ఎప్పుడూ బాధ కలిగిస్తుంది. అతనికి లేనిది ఆగే శక్తి.

అపోహ: ఈ శాస్త్రం మనిషిని స్వార్థపరుడిగా చూస్తుంది.

పాఠ్యపుస్తకం అడిగేవి రెండే: ఏ రెండింటినైనా పోల్చి ఇది మేలో, అది మేలో, రెండూ సమానమో చెప్పగలగాలి, ఆ వరసలో పొంతన తప్పకూడదు. బిడ్డ చదువు కోసం తోట అమ్మే తల్లి కూడా ఇందులో ఇముడుతుంది. ఇక అనిశ్చితి ఉన్నచోట మనుషులు పుస్తకం చెప్పినట్టు ఎంచుకోరని కానెమన్, ట్వెర్‌స్కీ 1979లో చూపిస్తే, ఆ మాటనూ ఈ శాస్త్రం తనలో కలుపుకుంది.

అపోహ: ఇది షేర్ మార్కెట్ చదువు.

కాదు. అది ఫైనాన్స్, వేరే పేపరు.

అపోహ: లెక్కల్లో పుట్టు మేధావులకే ఇది వస్తుంది.

లెక్కలు కావాలి, అందులో దాపరికం లేదు. 1995లో వచ్చిన మాస్-కొలెల్, విన్‌స్టన్, గ్రీన్‌ల మైక్రో పాఠ్యపుస్తకం తొమ్మిది వందల పేజీలు దాటుతుంది. కాల్‌క్యులస్‌తో పాటు లీనియర్ ఆల్జీబ్రా, కొంత రియల్ అనాలిసిస్ రావాలి. అయితే ఇక్కడ పని వేగంగా లెక్క కట్టడం కాదు, ఒక్కో మెట్టుకూ కారణం చూపిస్తూ నిరూపణ రాయడం. బి.ఏ. పిల్లలు తడబడేది డిగ్రీలో ఆ అలవాటు చేయించకపోవడం వల్లే. బి.ఎస్‌సి. మ్యాథ్స్, ఇంజనీరింగ్ చదివినవాళ్లు కూడా ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ వంటి చోట్ల ఎకనామిక్స్ పీజీకి పరీక్ష రాయొచ్చు.

అపోహ: విదేశాల్లో పుట్టిన సిద్ధాంతాలు మన ఊళ్లకు పనికిరావు.

ఆర్థికవేత్త జార్జ్ ఆకర్‌లాఫ్ 1967–68లో ఢిల్లీలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో ఉన్నారు. 2001లో నోబెల్ తెచ్చిపెట్టిన ఆయన 1970 వ్యాసం పాత కార్ల బజారుతో పాటు మన వడ్డీ వ్యాపారుల గురించీ మాట్లాడుతుంది.

కృష్ణగిరి పక్కనే ఉన్న చిత్తూరు సంగతి చూడండి. 2025లో తోతాపురి ధర పడిపోతే, రైతుకు కిలోకు 12 రూపాయలు అందేలా ఫ్యాక్టరీలు 8, ప్రభుత్వం 4 ఇవ్వాలని ఆంధ్రప్రదేశ్ నిర్ణయించింది. ఆ 4 రూపాయలు రైతు చేతిలోనే మిగులుతాయా, ఫ్యాక్టరీ తన ధర తగ్గించుకోవడానికి సందు ఇస్తాయా? ఆ 8 రూపాయలు కచ్చితంగా ఇప్పించే ఏర్పాటు ఉంటే ఒక జవాబు, లేకపోతే మరో జవాబు. రెండింటినీ కాగితం మీద నిరూపించి చూపడమే పీజీ మైక్రో విద్యార్థి పని.